అతుకు దగ్గర పువ్వు

నవంబరు 2, సోమవారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 100.2.

మొదటి రెండూ రోజూ ల్యాబ్ రిజిస్టర్‌లో రాస్తాను. మూడోది జ్వరం, దానికి అక్కడ గడి లేదు. అందుకని ఈ నోట్‌బుక్. వేరే కారణం లేదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక, గాజుసామాను కడిగే గదిలో స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను.

వైరస్ జన్యువుల ఫైలు వచ్చింది. 61,408 అక్షరాలు. ఉన్నవి నాలుగే అక్షరాలు, అవే మళ్ళీ మళ్ళీ. ఎక్కడా తెగకుండా ఒకే వరసలో వచ్చింది. మా ల్యాబు మేడం నా భుజం మీదుగా చూసి, "ఒక్క ముక్కలో వచ్చిందా? మీ చెయ్యి మంచిదండీ సీసాలాయనా" అన్నారు. ఇక్కడ అందరూ నన్ను అలాగే పిలుస్తారు. పదకొండేళ్ళు సీసాలు కడిగాను. ఇప్పటికీ కడుగుతున్నాను.

అక్క కాలిలోంచి తీసిన బాక్టీరియాని చంపే వైరస్ కోసం పదహారు చోట్ల నీళ్ళు పట్టుకొచ్చాం. ఆసుపత్రి మురుగు, కాలవ, పశువుల తొట్టి. ఒక్కటీ పనిచెయ్యలేదు. పదిహేడోది ఈ గదిలోనే, నేను నిలబడే తొట్టి కింద గొట్టంలో దొరికింది. ఇన్నేళ్ళలో నేను కిందికి వంగి చూడటం అదే మొదటిసారి.

ఇంతకుముందు ఎవరూ చూడని వైరస్ అట. మేడం రెండుసార్లు అన్నారు.

నవంబరు 3, మంగళవారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 100.6.

సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రికి వెళ్ళాను. అక్క కిటికీ పక్క మంచం మీద ఉంది. కట్టు విప్పి ఉంది. చీము ఇంకా ఆకుపచ్చగానే ఉంది.

"ఏరా రిజిస్టరూ, ఇవాళెంత?"

"వంద పాయింట్ ఆరు."

"పోయి మీ ఫ్రిజ్‌లో పడుకుంటే పోదూ, నాలుగుకి దిగుతాను."

సర్జన్ గారు వచ్చారు. ఏడు నెలల కింద బస్సు మెట్ల మీంచి పడ్డప్పుడు మోకాలి కింద ఎముకలో రాడ్ వేసింది ఆయనే. ఆ రాడ్ చుట్టూనే ఇదంతా పుట్టింది. మందులన్నీ అయిపోయాయి, ఈ బాక్టీరియా దేనికీ లొంగలేదు. ఆయన మంచం కాళ్ళ దగ్గర నిలబడి చెప్పారు.

"పన్నెండో తారీకున మోకాలి కింద తీసేద్దామనుకున్నానమ్మా. మీ తమ్ముడి ల్యాబువాళ్ళు వైరస్ ఎక్కిద్దామంటున్నారు. సరే, పద్దెనిమిది దాకా ఆగుతాను. కానీ అది మోకాలి కీలులోకి పాకిందంటే మాత్రం పైన తియ్యాలి. తేడా తెలుసుగా?"

"తెలియకేం డాక్టరుగారూ. మోకాలుంటే పెట్టుడు కాలుతోనైనా మిషన్ తొక్కుకోవచ్చు. మోకాలు కూడా పోతే, తొక్కేవాళ్ళని చూస్తూ కూర్చోవచ్చు."

ముప్పై ఏళ్ళుగా కాళ్ళతో తొక్కే మిషన్ మీదే కుడుతోంది. అమ్మ పోయినప్పటి నుంచి ఆ మిషనే మా ఇద్దరినీ నడిపింది. అప్పుడు అక్కకి పందొమ్మిది. నాకు తొమ్మిది.

బావ డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చాడు. బస్సు నడుపుతాడు. అక్క పడింది ఆయన బస్సు కాదు, ఆ మాట రోజుకోసారి ఎవరితోనైనా చెప్తాడు.

"ఏం బావా, నీ పురుగు ఎప్పుడొస్తోంది?"

"పురుగు కాదు బావా, వైరస్."

"ఏదైతేనేం, టైముకి ఎక్కించెయ్."

నవంబరు 4, బుధవారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 100.4.

జన్యువులు గుర్తించే ప్రోగ్రాం నడిపాను. ఈ పని నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇంతకుముందు ఈ కుర్చీలో ఉన్న అమ్మాయి పనిచేస్తుంటే వెనక నిలబడి చూశాను. ఆమె వెళ్ళిపోతూ వదిలేసిన పుస్తకాలు చదివాను. చదువు పదో తరగతితో ఆగినా అక్షరాలు నాలుగే కదా అనుకున్నాను.

మొదటిసారి 94 వచ్చాయి. అందులో మొట్టమొదటిదీ చిట్టచివరిదీ సగం సగం. మొదలు లేనిదొకటి, తుది లేనిదొకటి. పట్టిక చూడటానికి బాగాలేదు. ప్రోగ్రాంలో ఒక గడి ఉంది, అంచుల్లో తెగిపోయినవాటిని లెక్కలోకి తీసుకోకు అని. దాన్లో టిక్కు పెట్టి మళ్ళీ నడిపాను.

92. అన్నీ మొదలూ తుదీ ఉన్నవే. పట్టిక ఇప్పుడు శుభ్రంగా ఉంది.

నవంబరు 5, గురువారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 100.8.

బాక్టీరియాని పెంచే ప్లేట్లు చూశాను. అక్క బాక్టీరియా పొరలా పరుచుకుని ఉంది. వైరస్ పడ్డ చోటల్లా గుండ్రటి ఖాళీ మచ్చలు, కిటికీ వైపు పెడితే వెలుగు అవతలికి కనిపిస్తోంది. వాటిని చూస్తే కడుపు నిండినట్టుంది. ఇరవై మూడు మచ్చలు. నాలుగైదింటి మధ్యలో కాస్త మసక. ప్లేటు సరిగా ఆరకముందే పోసి ఉంటాను.

రిజిస్టర్‌లో "మచ్చలు స్పష్టం" అని రాశాను.

తేదీ దగ్గర 4 అని పడింది, దాని మీద గీత కొట్టి 5 రాశాను. మా రిజిస్టర్‌లో ఏదీ చెరపకూడదు. తప్పు మీద ఒక్క గీత, తప్పు కింద కనపడుతూనే ఉండాలి. పక్కన సరైనది, దిద్దిన తేదీ, పొడి సంతకం. చేరిన మొదటి రోజు మేడం నేర్పిన మొదటి సంగతి అది. ఇంట్లో కూడా అలాగే దిద్దుతానని అక్క నవ్వుతుంది.

నవంబరు 6, శుక్రవారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 100.6.

మేడం గదిలో రిపోర్టు ఇచ్చాను. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని మూడు ప్రశ్నలు అడిగారు.

"చంపుతోందా?"

"చంపుతోందండీ. ఇరవై మూడు మచ్చలు."

"విషం తయారుచేసే జన్యువులు?"

"లేవండీ."

"ఇంటిగ్రేస్?"

"లేదండీ."

"ఖాయమా? ఇదొక్కటే నాకు భయం. ఆ ఒక్క జన్యువు ఉంటే వైరస్ బాక్టీరియాని చంపకుండా లోపలికి దూరి, దాని జన్యువుల్లో తన జన్యువులు కలిపేసి కూర్చుంటుంది. చచ్చాయని మనం అనుకుంటాం. దాన్ని కడుపులో పెట్టుకున్నవి బతికి పెరుగుతాయి. మళ్ళీ ఆ వైరస్ వాటిని ముట్టుకోలేదు. మీ అక్కగారికి మనమే చేతులారా మొండిదాన్ని పెంచి ఇచ్చినట్టు."

"పట్టిక మొత్తం రెండుసార్లు చూశానండీ. తొంభై రెండింట్లో ఎక్కడా లేదు."

"సొంత మనిషి కాబట్టి ఈ పని వేరేవాళ్ళకి ఇద్దామనుకున్నాను. ఇచ్చేందుకు ఎవరూ లేరు." సంతకం పెట్టారు. "మీరింత శుభ్రంగా చేస్తారని తెలుసు."

శుభ్రంగా అన్న మాట వచ్చేప్పుడు దారంతా గుర్తొచ్చింది.

నవంబరు 9, సోమవారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 100.4.

ఆసుపత్రి కమిటీ ఒప్పుకుంది. పద్దెనిమిది, బుధవారం, ఉదయం మొదటి డోసు. అప్పటిదాకా వైరస్‌ని పెంచి వడకట్టాలి.

బావకి ఫోన్ చేస్తే బస్సు డిపోలో హారన్ కొట్టి వినిపించాడు.

నవంబరు 11, బుధవారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 100.8.

వడకట్టడం రెండోసారి. మళ్ళీ ప్లేట్లు వేశాను. మచ్చల మధ్యలో మసక ఇంకా ఉంది. ఈసారి ప్లేట్లు బాగానే ఆరాయి. ఇంక్యుబేటర్‌లో తేమ వల్ల కావచ్చు. రిజిస్టర్‌లో ఈసారీ "స్పష్టం" అనే రాశాను.

నవంబరు 12, గురువారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 100.6.

ఈరోజు అక్క ఆపరేషన్ జరగాల్సిన రోజు. జరగలేదు.

నవంబరు 13, శుక్రవారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 100.8.

పొద్దున స్కాన్ తీశారు. మోకాలు శుభ్రంగా ఉందన్నారు సర్జన్ గారు. అక్కకి హుషారు వచ్చింది. దిండుకి ఆనుకుని కూర్చుంది.

"నా ఒంట్లోకి పంపే ఆ మహానుభావుడెలా ఉంటాడో చెప్పరా. పెళ్ళిచూపుల్లేకుండా ఒప్పుకోను."

అరవై ఒక్క వేల అక్షరాలని, తొంభై రెండు జన్యువులని చెప్పాను.

"అంత పొడుగా?"

"పొడుగు కాదక్కా. గుండ్రం అనుకో, గాజులాగా. కంప్యూటర్‌కి గుండ్రంగా చదవడం రాదు. ఎక్కడో ఒకచోట తెంపి, సాపుగా పరుచుకుని చదువుతుంది."

"ఎక్కడ తెంపుతుంది?"

"ఎక్కడైనా. దానిష్టం."

"మరి తెంపినచోట పువ్వుంటే?"

"పువ్వేంటి?"

"అయ్యో వీడి చదువు కాల. గౌను అంచు గుండ్రంగా ఉంటుందా? పువ్వుల గుడ్డ. విప్పి పరచాలంటే ఒకచోట కొయ్యాలిగా. చూసుకోకుండా కోస్తే పువ్వు రెండు ముక్కలవుతుంది, సగం ఈ కొసన, సగం ఆ కొసన. పరిచి చూస్తే రెండూ పువ్వుల్లా ఉండవు, మరకల్లా ఉంటాయి. రెండు కొసలూ కలిపి చూస్తేగానీ పువ్వని తెలీదు."

నేను థర్మామీటర్ తుడిచి డబ్బాలో పెట్టాను.

"పనిరానివాడు ఏం చేస్తాడో తెలుసా? అంచులు బాగాలేవని ఆ రెండు ముక్కలూ కత్తిరించి పారేస్తాడు. అప్పుడు గౌను భలే నీటుగా ఉంటుంది. పువ్వు ఒకటి తగ్గిందని పెట్టుకున్నవాళ్ళకి కూడా తెలీదు."

నవ్వి వచ్చేశాను.

నవంబరు 14, శనివారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 101.

ఒంటిపూట. గడిలో ఆ టిక్కు తీసి చూడొచ్చు. కానీ పట్టిక మీద సంతకాలు అయిపోయాయి. కమిటీ చూసింది. అక్క కుట్టుపని గురించి చెప్పింది, నా పని గురించి కాదు.

తీసి చూశాను.

ఫైలు చివర 192 అక్షరాల ముక్క. మొదట్లో 861 అక్షరాల ముక్క. రెండూ ఒకే దిక్కుకి తిరిగి ఉన్నాయి. పెద్ద ముక్కని ఇతర వైరస్‌ల జన్యువులతో పోల్చి చూస్తే ఒకదానితో పోలిక చూపించింది. సగం ముక్కకి చూపించే పోలిక నమ్మదగింది కాదు. దేనితో అన్నది ఇక్కడ రాయను.

మేడం ఒంటిగంటకి వెళ్ళారు. మెట్ల దగ్గర ఎదురుపడి, "ఏమండీ, ముఖం అలా ఉంది, నిద్రపోవట్లేదా?" అన్నారు. లేదండీ, బాగానే ఉన్నానన్నాను.

నవంబరు 15, ఆదివారం

అక్క 101.2. ల్యాబుకి సెలవు.

రెండు ముక్కలూ విడివిడిగా ఏమీ కావు. అతికించి చూస్తేనే ఏదైనా చెప్పగలం. అతికించి చూడమని ఎవరూ అడగలేదు.

సాయంత్రం వెళ్ళాను. జ్వరం చూసి వచ్చాను. అక్క కూడా పెద్దగా మాట్లాడలేదు. నీరసం అయి ఉంటుంది.

నవంబరు 16, సోమవారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 101.4.

ఈరోజూ అతికించలేదు. మేడం పెద్ద ల్యాబుకి వెళ్ళారు, రేపు వస్తారు. వచ్చాక చెప్పినా ఒకటే. ఒకవేళ ఏమైనా ఉన్నా, పది శాతం బాక్టీరియాలోకే దూరుతుందేమో, మిగతా తొంభై శాతం చస్తాయేమో. చంపడం మన కళ్ళతో చూశాం. ఇరవై మూడు మచ్చలు.

రెండు రోజుల్లో కొంపలేమీ మునిగిపోవు.

బావ అడిగాడు, అంతా సవ్యమేనా అని. సవ్యమే బావా అన్నాను. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది.

నవంబరు 17, మంగళవారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 102.

పొద్దున డోసు సీసాలు సిద్ధం చేశాను. ఆరు సీసాలు. మంచినీళ్ళలా ఉన్నాయి. ప్రతి సీసాకీ నా చేత్తోనే లేబుల్ రాశాను. రోగి నంబరు, తేదీ, ఎంత. చివరి గడి, "సరిచూసినవారు". పొడి సంతకం పెట్టాలి.

అయిదు సీసాల మీద పెట్టాను. ఆరోదాని మీద పెన్ను ఆనించి ఉంచాను, సిరా చుక్కలా దిగింది.

వెళ్ళి ఫైలు తెరిచాను. చివరి రెండువేల అక్షరాలు కోసి తెచ్చి మొదట అతికించాను. మళ్ళీ నడిపాను. 93. కొత్తగా వచ్చింది ఒక్కటే, 1,053 అక్షరాలది. మొదలూ తుదీ సరిగ్గా ఉన్నాయి. పోలిక 71 శాతం. ఇంటిగ్రేస్.

మేడం పదకొండింటికి వచ్చారు. తలుపు దగ్గరే చెప్పాను. బ్యాగు దించకుండానే వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. తనే టిక్కు పెట్టి నడిపారు, తీసి నడిపారు. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ప్లేట్లు తీసుకురండి."

తెచ్చాను. కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నారు.

"మధ్యలో ఇదేంటండీ?"

"మసకండీ."

"మొదటి నుంచీ ఉందా?"

"ప్లేటు ఆరలేదేమో అనుకున్నానండీ."

"లోపల దూరి బతికినవే మధ్యలో పెరుగుతాయి. మసక అంటే అదే. మీ రిజిస్టర్‌లో స్పష్టం అని ఉంటే నేను ప్లేటు అడగలేదు. నేనూ చూడాల్సింది." ప్లేటు బల్ల మీద పెట్టారు, చప్పుడు కాకుండా. "ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఈరోజేనండీ."

ఆవిడ తలూపి సర్జన్ గారికి ఫోన్ చేశారు. ఫోన్లో నా తప్పని అనలేదు. "మా విశ్లేషణలో పొరపాటు దొరికింది, డోసు ఇవ్వడానికి వీల్లేదు" అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "చెప్పారు కాబట్టి బతికిపోయాం" అన్నారు.

ఆరు సీసాలూ ఆటోక్లేవ్‌లో పెట్టి ఉడకబెట్టేశాను. తర్వాత కడిగాను.

అక్కకి నేనే చెప్తానని వెళ్ళాను. బావ బయట బెంచీ మీద ఉన్నాడు. లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను.

"రేపు ఇవ్వట్లేదక్కా. ఆ వైరస్ పనికిరాదు."

పైకప్పు చూస్తూ ఉంది.

"నేనన్న పువ్వేనా?"

"అదే."

"అయితే నా నోరే నా కాలికి అడ్డమొచ్చింది." నవ్వబోయింది. జ్వరానికి పెదాలు ఎండిపోయి ఉన్నాయి, నవ్వు సగంలో ఆగింది. "నీళ్ళివ్వు."

మూడింటికి స్కాన్‌కి తీసుకెళ్ళారు.

నవంబరు 18, బుధవారం

మోకాలి పైన.

కీలులో చీము చేరిందట. శుక్రవారం స్కాన్‌లో లేదు. నిన్నటి స్కాన్‌లో ఉంది. సర్జన్ గారు రెండు ఫిల్ములూ దీపం ముందు పెట్టి బావకి చూపిస్తున్నారు. "ఈ మూడు నాలుగు రోజుల్లోనే పాకింది, ఏం చేస్తాం" అన్నారు. బావ ఫిల్ము వైపు చూస్తూ, చేతిలో టోపీని తిప్పుతూ ఉన్నాడు. నేను నేల మీద టైల్స్ లెక్కపెట్టాను. ఆ వరండాలో నూట పన్నెండున్నాయి. అరటైల్స్ లెక్కలోకి తీసుకోలేదు.

నవంబరు 19, గురువారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 99.6.

నవంబరు 20, శుక్రవారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 99.

నవంబరు 24, మంగళవారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 98.6.

జ్వరం దిగింది. ప్రాణభయం లేదన్నారు. అందరూ నాతో చెయ్యి కలుపుతున్నారు. "మీరు పట్టుకోకపోతే ఏమయ్యేదో" అంటోంది పక్క ల్యాబు అమ్మాయి.

డిసెంబరు 1, మంగళవారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 98.4.

నిన్న ఇంటికి తీసుకొచ్చాం. బావ మెట్లు ఎక్కించాడు, వీపు మీద. "దించు, స్టాపు వచ్చేసింది" అంటుంది అక్క మెట్టు మెట్టుకీ.

మేడం వైరస్ అక్షరాలన్నీ అందరూ చూసేచోట పెట్టమన్నారు. వేరే ఊళ్ళో ఎవరికైనా ఇదే దొరికితే వాళ్ళు మోసపోకూడదు కదా. ఫైలు మొదలు మార్చాను. వైరస్ తన జన్యువుల తాడుని పెట్టెలాంటి తన పెంకులోకి లాక్కునే జన్యువు ఒకటి ఉంటుంది, చదువుకున్నవాళ్ళు అక్కడి నుంచి మొదలుపెడతారట. ఆ సంగతి ఇంతకుముందు నా కుర్చీలో ఉన్న అమ్మాయి వదిలేసిన పుస్తకంలోనే ఉంది, నలభయ్యో పేజీ కింద చిన్న అక్షరాల్లో. చదివాను. కింద గీత కూడా నేనే గీసి ఉన్నాను.

వ్యాఖ్య గడిలో: "ఇంటిగ్రేస్ ఉంది. చికిత్సకు వాడరాదు."

పేరు గడి ఖాళీగా ఉంది. కనిపెట్టినవాళ్ళు పెట్టొచ్చట. అక్కని అడిగాను, నీ పేరు పెట్టనా అని.

"నా కాలు నిలబెట్టలేనిదానికి నా పేరెందుకురా? దానికీ అవమానం, నాకూ అవమానం. నంబరు పెట్టు."

17 అని పెట్టాను. పదిహేడో నీళ్ళు.

డిసెంబరు 3, గురువారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 98.4.

మిషన్ ముందు కూర్చోబెట్టమంది. ఎడమ కాలొక్కటే పెడల్ మీద పెట్టి తొక్కింది. చక్రం సగం తిరిగి వెనక్కి వచ్చింది. మళ్ళీ తొక్కింది. మళ్ళీ వెనక్కే. బావ, "మోటారు బిగిస్తే సరిపోతుందే" అన్నాడు. "బస్సుకి బిగించుకో నీ మోటారు" అంది.

నేను పక్క గదిలో ఉన్నాను. తొక్కిన శబ్దం, ఆగిన శబ్దం. పదకొండుసార్లు.

డిసెంబరు 6, ఆదివారం

అక్క 98.4. సెలవు.

బావ డ్యూటీకి వెళ్ళాడు. అక్క కిటికీ దగ్గర కూర్చుని ఏదో చొక్కాకి చేత్తో గుండీలు కుడుతోంది. నేను నేల మీద కూర్చున్నాను. చిన్నప్పుడు కూర్చునే చోటే, మిషన్ పక్కన.

"అక్కా, నాకు శనివారమే తెలిసింది."

సూది ఆగలేదు.

"మంగళవారం కాదు. శనివారం. మేడంకి అబద్ధం చెప్పాను. శనివారమే చెప్పి ఉంటే..."

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"శుక్రవారం దాకా వచ్చినప్పుడల్లా అన్ని వేల అక్షరాలు, ఇన్ని జన్యువులు అని బుర్ర తినేశావు. శనివారం వచ్చావు, జ్వరం చూశావు, వెళ్ళావు. ఆదివారమూ అంతే. నా మొహం వైపు చూడలేదు. చిన్నప్పుడు గాజు పగలగొట్టినప్పుడు కూడా అలాగే గోడలు చూసేవాడివి."

"మరి అడగలేదేం?"

దారం పళ్ళతో తెంపింది. తెంపిన కొస వేళ్ళ మధ్య నలిపింది.

"నాకు మాత్రం కాలు అక్కర్లేదేంట్రా?"

బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. అక్క గుండీ గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. తర్వాత సూదీ దారమూ నా ముందు పెట్టింది.

"ఇది ఎక్కించు. కన్ను ఆనట్లేదు."

ఎక్కించాను. మూడోసారికి ఎక్కింది.

డిసెంబరు 7, సోమవారం

ఇంక్యుబేటర్ 37. ఫ్రిజ్ 4. అక్క 98.4.

మేడం రాగానే వెళ్ళాను. శనివారం అని చెప్పాను. ఆవిడ చేతిలో పెన్ను పక్కన పెట్టారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది. "రిజిస్టర్ దిద్దండి" అన్నారు. గుమ్మం దాకా వచ్చాక మళ్ళీ పిలిచి, "ఇకమీదట రెండో మనిషి చూడకుండా మీ పట్టిక బయటికి వెళ్ళదు. నా పట్టిక కూడా" అన్నారు.

రిజిస్టర్ దిద్దాను. నవంబరు 5, "స్పష్టం" మీద ఒక్క గీత. పక్కన "మధ్యలో మసక". తేదీ, పొడి సంతకం. నవంబరు 11న రాసింది కూడా అలాగే. నవంబరు 17, పొరపాటు గుర్తించిన తేదీ దగ్గర 17 మీద ఒక్క గీత, పక్కన 14. తేదీ, పొడి సంతకం.

తర్వాత కడిగే గదికి వచ్చి ఈ నోట్‌బుక్ వెనక్కి తిప్పాను. ఇది ఎవరూ చూసేది కాదు. దిద్దమని ఎవరూ అడగరు.

నవంబరు 16. "రెండు రోజుల్లో కొంపలేమీ మునిగిపోవు." దాని మీద ఒక్క గీత కొట్టాను, కింద అక్షరాలు కనపడేలా. పక్కన సరైనది రాయాలి. తొట్టిలో నీళ్ళు పడుతున్నాయి. కుళాయి కట్టేసి వచ్చి రాశాను.

మోకాలు.

తేదీ. పొడి సంతకం.